ఒకటో తారీఖు పెళ్ళి

గాసాన్, మారిందూకే దీవి
23 ఆగస్టు 1981

చెల్లీ చోలెంగ్,

కుర్చీ దగ్గర్లో ఉంటే కూర్చుని చదువు. దెమెత్రియో దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఓడలో వంట చేసే మనిషి ఉత్తరాలు ఎలా ఉంటాయో పదకొండేళ్ళుగా నీకూ తెలుసు. ఏ రేవులో ఉల్లిపాయలు బాగున్నాయి, ఏ రేవులో కుళ్ళిన చేపలు అంటగట్టి మోసం చేశారు, కెప్టెన్ ఏ కూర ముట్టలేదు. ఈసారీ రెండు పేజీలు ఉల్లిపాయలే. అడుగున కాస్త చోటు మిగిలిందని రాసినట్టు, "నీకు అభ్యంతరం లేకపోతే డిసెంబరులో పెళ్ళి చేసుకుందాం" అని ఒక్క వాక్యం. చదివి, కుట్టుమిషన్ మీద పెట్టి, ఎవరిదో లంగా అంచు కుట్టేసి, మళ్ళీ చదివాను. అదే రాసి ఉంది.

ఈ ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళ గౌన్లు నా మిషన్ మీదే తయారయ్యాయి. ముప్ఫై తొమ్మిదో ఏట ఇప్పుడు నాది కుట్టుకోవాలి. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

అతను డిసెంబరు ఇరవైన దిగుతాడు. జనవరి రెండు పొద్దున మనీలాలో కొత్త ఓడ ఎక్కాలి, ఈసారి పద్నాలుగు నెలలు. ఎక్కకపోతే ఆ వంటగది ఇంకొకడికి పోతుంది. అంటే మాకున్నది పన్నెండు రోజులు. ఇరవై ఎనిమిదో తారీఖు అనుకున్నాం. ఇది తప్పితే మళ్ళీ నా నలభై ఒకటో ఏట మాట, చోలెంగ్. అప్పటికి ఎవరు ఎలా ఉంటామో.

పెళ్ళికాని చెల్లెలివి కాబట్టి చర్చిలో నా పక్కన నిలబడేది నువ్వే. నీకూ గౌను కుట్టాలి. నడుము కొలత పంపు.

అక్క,
పూరింగ్

*

బాగియో
8 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం స్కూలు మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి అక్కడే ఏడ్చాను. పిల్లలు చూసి, టీచరమ్మ ఇంట్లో ఎవరో పోయారనుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు. దెమెత్రియో బావకి చెప్పు, ఆ ఒక్క వాక్యం పైన రాసి ఉల్లిపాయలు కింద రాసినా మనకేం అభ్యంతరం లేదని.

ఒకటి మాత్రం తోచింది, చెప్తున్నాను. ఇరవై ఎనిమిది అంటే పసిపిల్లల పండుగ. ఆ రోజు ఊరంతా ఒకళ్ళనొకళ్ళు ఆట పట్టిస్తారు. పూరింగ్‌కి పెళ్ళి అని కబురు పంపితే ఎవరైనా నమ్మి బయల్దేరతారా? కొత్త సంవత్సరంలోకి జరపడానికి వీలవుతుందేమో చూడకూడదూ? ఓడ వాళ్ళు రెండు మూడు రోజులు ఆగరా?

ఈ కొండల మీద పొద్దస్తమానం పొగమంచే. వెండి పని చేసే అన్సెల్మో నీకు గుర్తున్నాడా, పోయినేడు నాతో వచ్చి అమ్మ చెవిపోగులు బాగుచేసి ఇచ్చాడు. అతనూ శుభాకాంక్షలు చెప్పమన్నాడు.

నడుము కొలత తర్వాత పంపుతాను. టేపు దొరకలేదు.

నీ చోలెంగ్

*

గాసాన్
30 సెప్టెంబరు

చోలెంగ్,

అంత పెద్ద ఊళ్ళో టేపు దొరకలేదా? తాడుతో కొలుచుకుని తాడు పంపు.

ఇరవై ఎనిమిది గురించి నువ్వన్నది నిజమే. అమ్మ కూడా అదే అంది. ఇరవై తొమ్మిదికి మార్చి ఫాదర్‌తో చెప్పి వచ్చాను. ఓడ వాళ్ళు రెండు రోజులు కాదు కదా రెండు గంటలు కూడా ఆగరు.

మొన్న సాయంత్రం అమ్మ ఉన్నట్టుండి, "చిన్నదానికి ఈ ఏడు పెళ్ళి ఆలోచనేమన్నా ఉందేమో కనుక్కో. ఉంటే వచ్చే ఏటికి ఆపుకోమను" అంది. నేను నవ్వాను. "నవ్వకే. ఒక్క ఏట ఇద్దరు తోబుట్టువులు చేసుకోకూడదు. నేను ఫిబ్రవరిలో చేసుకున్నాను. త్రినిదాద్ అక్టోబరులో చేసుకుంది. పెద్దాళ్ళు వద్దన్నారు, మేమే వినలేదు. మరుసటేడు కొత్తబియ్యం వండేనాటికి అది లేదు. ఇద్దరం ఒక్క గొడుగులోకి దూరాం. నేను తడవలేదు, అది తడిసింది" అంది.

త్రినిదాద్ పిన్ని కాన్పులో పోయిందని మనకి తెలుసు. ఆ తప్పు అమ్మ తన నెత్తిన వేసుకుని నలభై ఏళ్ళుగా మోస్తోందని నాకు తెలియదు. నీకలాంటి ఆలోచనేమీ లేదని నేనే చెప్పేశాను. అమ్మ ముఖం తేటపడింది. ఆ రాత్రి మారు అన్నం కూడా పెట్టించుకుంది.

కొలత మర్చిపోకు.

పూరింగ్

*

బాగియో
20 అక్టోబరు

అక్కా,

అమ్మ ఆ మాట ఎందుకు ఎత్తింది? ఎవరైనా ఏమైనా అన్నారా?

నాకు సెలవు చిక్కు వచ్చింది. ముప్ఫైకి గానీ వదలరట. అదీగాక ఆ రోజుల్లో సముద్రం మీద తుఫాన్లు, పడవలు ఆపేస్తే లుసేనా రేవులోనే ఇరుక్కుపోతాను. పోనీ, ఒకటో తారీఖు పెట్టుకుంటే ఏం? కొత్త ఏడు, కొత్త పెళ్ళి, వినడానికి బాగానే ఉంది కదా. ఆలోచించు. కాదనకు.

ఇంకోటి, ఊరికే అడుగుతున్నాను. మా స్కూల్లో ఒకామె ఈ ఏడు జడ్జి దగ్గర చేసుకుంది. చర్చిలో కాదు, విందు లేదు, ఏమీ లేదు. ఆమె అక్కకి కూడా ఈ ఏడే పెళ్ళట. జడ్జి చేసింది లెక్కలోకి వస్తుందా రాదా అని టీచర్ల గదిలో పెద్ద వాదన జరిగింది. అమ్మ ఏమంటుందో కనుక్కో.

చలికి వేళ్ళు వంగడం లేదు. కొలత తర్వాత.

చోలెంగ్

*

గాసాన్
6 నవంబరు

చోలెంగ్,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు మిషన్ తొక్కలేదు. ఇప్పుడు రాస్తున్నాను కదా అని కోపం తగ్గిందనుకోకు.

ఇరవై ఎనిమిది వద్దన్నావు, మార్చాను. ఇరవై తొమ్మిదంటే తుఫాన్లన్నావు. ఇప్పుడు ఒకటో తారీఖంటావు. ఆ రోజు ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా? ఇల్లు ఊడవకూడదు, చేతిలోంచి ఒక్క పెసో నాణెం జారకూడదు, కోడి వండకూడదు. ఆ రోజు ఏం చేస్తే ఏడాదంతా అదే. పైగా దెమెత్రియో ఆ మధ్యాహ్నమే పడవ ఎక్కకపోతే రెండో తారీఖు పొద్దునకి మనీలా చేరలేడు. కట్టుకున్నదాన్ని ఒకటో తారీఖునే వదిలిపోతే ఇంక ఆ ఏడాది ఏం ఏడాది? ఈ ఇంట్లో పుట్టిన నీకు ఇవన్నీ నేను చెప్పాలా?

ఒక్కటే అడుగుతాను. నాకు పెళ్ళవడం నీకు ఇష్టం లేదా? నీ బడి యూనిఫారం దగ్గర్నుంచి టీచరు పరీక్షకి వేసుకెళ్ళిన గౌను దాకా నా చేత్తో కుట్టాను. నా గౌను పక్కన నువ్వు నిలబడాలనుకోవడం అంత పెద్ద కోరికా? నడుము కొలత అడిగితే రెండు నెలలుగా కథలు చెబుతావు.

మీ స్కూలామె సంగతి అమ్మనడిగాను. "జడ్జి చేసినా బిషప్ చేసినా, ఒక్క కుండలో అన్నం వండుకుంటుంటే అది పెళ్ళే. ఎవరా పిల్ల?" అంది. నాకేం తెలుసన్నాను.

ఇరవై తొమ్మిదే. రావాలనిపిస్తే రా.

పూరింగ్

*

బాగియో
15 నవంబరు

అక్కా,

మా స్కూల్లో అలాంటామె ఎవరూ లేరు. ఆమె నేనే.

జూన్ తొమ్మిదిన అన్సెల్మోని చేసుకున్నాను. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. "కోడలెవరో చూసి పోతాను" అన్నాడు. అన్సెల్మో ఆ రాత్రే తండ్రి పనిముట్లతో రెండు ఉంగరాలు చేశాడు. జడ్జి మంచం దగ్గరికి వచ్చాడు, ఒక నర్సు సాక్షి సంతకం పెట్టింది. నాలుగో రోజు ఆయన పోయాడు. మీకెవరికీ చెప్పకుండా చేసుకున్నాం కాబట్టి, వచ్చే ఏడు గాసాన్ చర్చిలో మీ అందరి ముందు మళ్ళీ చేసుకుందాం, అప్పటిదాకా నోరు మెదపొద్దు అనుకున్నాం. నీకంటే ముందు చేసుకున్నానని అమ్మ చిన్నబుచ్చుకుంటుందని కూడా భయం. ఇంతలో ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. ఒక్క ఏట ఇద్దరు తోబుట్టువులన్న పట్టింపు అప్పుడే గుర్తొచ్చింది.

చెబితే నీ పెళ్ళి ఆగిపోతుంది. చెప్పకపోతే నువ్వూ నేనూ అమ్మ చెప్పిన గొడుగులో నిలబడతాం. ఏం చేయాలో పాలుపోక తారీఖుల మీద పడ్డాను. నువ్వు ఇష్టం లేదా అని అడిగావు చూడు, ఆ ముక్క దగ్గర ఉత్తరం మడిచేశాను. మళ్ళీ తెరవడానికి మూడు రోజులు పట్టింది. అక్కా, నీ పెళ్ళి కంటే నాకు ఇష్టమైనది ఈ భూమ్మీద లేదు.

నడుము ఇవాళ కొలిచాను. ముప్ఫై నాలుగు. మార్చి చివర్లో మళ్ళీ కొలుస్తాను, అప్పటికి తగ్గుతుంది.

చోలెంగ్

*

గాసాన్
27 నవంబరు

చోలెంగ్,

ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోయాను. దర్జీదాన్ని, నడుములు ఎందుకు పెరుగుతాయో నాకు తెలుసు.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. చేట కింద పెట్టింది. ఎందుకు దాచారని అడగలేదు, అన్సెల్మోని ఒక్క మాట అనలేదు. "ఎన్నో నెల?" అంది. అయిదు అన్నాను. లేచి గదిలోకి పోయి తలుపేసుకుంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

నీ మీద కోపం ఉంది. ఉన్నట్టు నీకు తెలియాలనే రాస్తున్నాను. జూన్‌లో ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే, ఆ పద్నాలుగు నెలల ఓడ ఒప్పుకోకముందే నేను దెమెత్రియోతో మాట్లాడుకునేదాన్ని. పెళ్ళి చేసుకోవడానికి ధైర్యం సరిపోయిందిగానీ అక్కకి చెప్పడానికి సరిపోలేదా?

ఆ గొడుగు సంగతి నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నీ కడుపుతో పందెం కాయలేను. డిసెంబరు పెళ్ళి లేదు. ఫాదర్‌కి చెప్పేశాను. దెమెత్రియోకి ఏం చెప్పాలో అతను వచ్చాక చూసుకుంటాను. గౌను మడిచి పెట్టెలో పెట్టాను.

నీళ్ళ బిందెలు మోయకు.

పూరింగ్

*

బాగియో
7 డిసెంబరు

అక్కా,

నేను ఇవేవీ నమ్మను, నువ్వు హాయిగా ఇరవై తొమ్మిదిన చేసుకో అని రాద్దామని కూర్చున్నాను. అన్సెల్మో వాళ్ళ కొండ మనుషులకి ఈ పట్టింపు లేదు. వాళ్ళలో ఇద్దరన్నదమ్ములు ఒకే నెలలో చేసుకుని ముసలాళ్ళై కర్రలు పట్టుకు తిరుగుతున్నారట. అది నీకు రాయమని అతను పొద్దుట్నుంచీ పోరుతున్నాడు.

కానీ నేను నమ్మనిదాన్నయితే మెట్లు దిగేటప్పుడు రెండు చేతులూ గోడకి ఆనించి దిగను. నాకు భయంగా ఉంది. నువ్వు ఆపావని చదవగానే గుండె తేలికపడింది. తేలికపడ్డందుకు సిగ్గేసింది. పదకొండేళ్ళు ఎదురు చూసినదాని దగ్గర పన్నెండు రోజులు లాక్కుని నిశ్చింతగా నిద్రపోతున్నాను.

బావని వదులుకోకు. నేనొచ్చి మాట్లాడనా? తప్పు నాదని అతనికి నేనే చెబుతాను.

చోలెంగ్

*

గాసాన్
23 డిసెంబరు

చోలెంగ్,

రావద్దు. ఆ కొండ దారుల్లో బస్సు, ఆ పైన సముద్రం, ఈ కడుపుతో నువ్వు వస్తే అమ్మ నా ప్రాణం తీస్తుంది.

దెమెత్రియో ఇరవైన దిగాడు. పొట్టివాడు ఇంకా నల్లబడ్డాడు. నేను నోరు తెరవకముందే అమ్మ అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి మొత్తం చెప్పేసింది. అతనేమో ఎదురుగా ఉన్న వెల్లుల్లి తీసి ఒలుస్తూ విన్నాడు. చివరి రెబ్బ కూడా ఒలిచి పొట్టు దులిపాడు. ఇంక లేచి వెళ్ళిపోతాడని నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను.

"అత్తయ్యా, ముప్ఫై ఒకటి అర్ధరాత్రి దాటితే అది ఏ ఏడు?" అన్నాడు.

"కొత్తేడు. అంత కూడా తెలీదా?"

"బాలనాకాన్ రేవుకి జీపు పన్నెండింటికి. పొద్దున అయిదు నుంచి లెక్కేస్తే ఏడు గంటలు. నేను అంతలో ఓడ మొత్తానికి రెండు పూటలు వండి పెడతాను. ఒక పెళ్ళికి చాలదూ?"

అమ్మ తెల్లబోయింది. "ఒకటో తారీఖున పెళ్ళాన్ని వదిలిపోతావట్రా? ఏడాదంతా అదే అవుతుంది."

"అవుతుంది. ఓడ వాళ్ళిచ్చిన కాగితంలో కూడా అదే రాసుంది."

అమ్మ నవ్వింది. నెల రోజుల తర్వాత ఈ ఇంట్లో మొదటిసారి. నవ్వాక షరతులు మొదలుపెట్టింది. బాజావాళ్ళకీ చర్చికీ ఇచ్చేదంతా ముప్ఫై ఒకటినే ఇచ్చేయాలి. విందులో కోడి కనబడకూడదు. అది గీరుకుని గీరుకుని తింటుంది, ఏడాదంతా మన బతుకూ అంతే అవుతుంది. పందిని కోయిస్తోంది. నా గౌను మీద గుండ్రటివి ఏవైనా ఉండాలట, సంపద కోసం. తెల్ల గౌను మీద చుక్కలేమిటి, నేను పెళ్ళికూతుర్నా బుడగలమ్మే దాన్నా అని పోట్లాడి, చివరికి వీపున పన్నెండు గుండ్రటి బొత్తాలకి ఒప్పించాను. పెళ్ళయ్యాక ఎవరూ చీపురు ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ ఏడవకూడదు. ఒకటో తారీఖున ఒక్క బొట్టు కార్చినా ఏడాదంతా అదే పని.

నువ్వు అక్టోబరులో చెప్పిన తారీఖే చివరికి గతి అయింది. అందుకని గొప్పలు పోకు. కోపం ఇంకా కొంత ఉంది.

పూరింగ్

*

గాసాన్
3 జనవరి 1982

చెల్లీ,

అయింది. వరుసగా చెబుతాను.

ముప్ఫై ఒకటి రాత్రి బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, నీళ్ళ కుండలు అన్నీ అంచు దాకా నింపాం. బల్ల మీద నెలకొకటి చొప్పున పన్నెండు గుండ్రటి పళ్ళూ కుదిరాయి. పన్నెండోది దొరక్క అమ్మ పక్కింటి చెట్టు నుంచి పంపర పనస కోసుకొచ్చింది, అడిగే కోసిందట. తలుపులు, కిటికీలు, చివరికి నా మిషన్ సొరుగు కూడా తెరిచిపెట్టాం. అర్ధరాత్రి ఊరంతా గిన్నెలు వాయిస్తుంటే, పొడుగవ్వాలని పిల్లలు ఎగురుతారు కదా, దెమెత్రియో కూడా బల్ల పట్టుకుని పన్నెండుసార్లు ఎగిరాడు. నలభై నాలుగేళ్ళకి ఏం పెరుగుతావయ్యా అంటే, "పొద్దున నీ పక్కన నిలబడాలి, ప్రయత్నం చేయాలి కదా" అన్నాడు. పెరగలేదు.

ఆరింటికి మొదటి పూజ అయ్యాక పెళ్ళి. ఊళ్ళో వాళ్ళు రాత్రంతా మేలుకుని ఉన్నారు, సగం మంది ఆవలిస్తూనే వచ్చారు. ఫాదర్ కూడా ఒకసారి ఆవలించాడు. నా పక్కన నీ చోటు ఖాళీగానే ఉంచాను. ఎవరో వచ్చి నిలబడబోతే అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆ ఖాళీ చూస్తే ఏడుపు వచ్చేలా ఉంది. పై బొత్తాం ఒకటి బిగుతుగా ఉంది, దాన్నే తలుచుకుంటూ నిలబడ్డాను.

విందులో కూడా అతను ఊరుకోలేదు. పెళ్ళిబట్టల్లోనే వెళ్ళి పులుసు రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పి వచ్చాడు. మా ఇద్దరికీ విడిగా దొరికింది గంటన్నర. దాని గురించి నీకు రాయను.

రేవుకి అమ్మ కూడా వచ్చింది. పడవ మెట్ల దగ్గర అతను, "వంటింట్లో వెల్లుల్లి వేలాడదీశాను, తడి తగలనివ్వకు" అన్నాడు. సరేనన్నాను. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పడవ పొగ అన్నాడు. నేను బుగ్గ లోపల కొరుక్కుని నిలబడ్డాను. పడవ కనిపించినంతసేపూ అమ్మ నా ముఖమే చూస్తోంది, ఒక్క బొట్టు రాలుతుందేమోనని. రాలనివ్వలేదు. ఇంటిదాకా జీపులో మేమిద్దరం బియ్యం ధర గురించి మాట్లాడుకున్నాం.

ఇంట్లో అడుగు పెట్టడానికి లేదు. నారింజ తొక్కలు, కాగితపు బూరలు, తొక్కేసిన పూలు, ఎక్కడివక్కడే. ఊడవకూడదు కదా, వాటి మధ్యే పడుకున్నాం.

రెండో తారీఖు తెల్లవారగానే చీపురు తీశాను. గుమ్మం దాకా వచ్చేసరికి అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. "ఒకటో తారీఖు పోయింది, ఇంక ఏడువు" అంది.

చీపురు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. పదకొండేళ్ళదీ ఒక్కసారే ఏడ్చాను, చోలెంగ్. అమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. అల్లుడి కోసమేమో అనుకున్నాను. కాసేపటికి, "త్రినిదాద్ నొప్పులు పడుతూ నన్ను పిలిపించిందే. నేను వెళ్ళలేదు. దాని అదృష్టం తిన్నదాన్ని, నేనెదురైతే ఇంకా కీడు జరుగుతుందేమోనని ఇంట్లోనే కూర్చున్నాను. అది నా పేరు పిలుస్తూ పోయిందట" అంది. నీ సంగతి చెప్పిన రోజు సాయంత్రం దాకా గది తలుపేసుకుని ఏం చేసిందో నాకప్పుడు అర్థమైంది.

నీ మీద కోపం ఏమీ లేదు. ఉందేమోనని వెతికాను కూడా.

మార్చిలో నీ దగ్గరికి వస్తున్నాను. అమ్మ కూడా వస్తుంది. పుట్టి బుద్ధెరిగి ఈ దీవి దాటని మనిషి, వద్దంటే వినడం లేదు. "నొప్పులు మొదలయ్యేసరికి నేను దాని పక్కనుండాలి" అంటూ ఇప్పట్నుంచే సంచి సర్దుతోంది. మా ఇద్దరికీ పడుకోవడానికి చోటు చూడు.

అక్క,
పూరింగ్